గ్యాసునూనెలో కడిగిన బేరింగు

నా చిన్నప్పుడు, బండ్ల నంబర్లు ఏపీ పోయి టీఎస్ అయిన కొత్తలో, మా చిన్నమామ జడ్చర్ల నుంచి ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు వేసుకొని కట్టంగూర్ దగ్గరున్న మా ఊరికి వచ్చాడు. మందుల కంపెనీలో పనిచేసే తమ్ముడికి రెండే సీట్లున్న ఆ పాత కారు ఎందుకో మా అమ్మకు ఎన్నటికీ అర్థం కాలేదు. క్లచ్ తొక్కితే చాలు, కీచుమని అరిచేది. లోపల బేరింగు అరిగిందట. దాన్ని మార్చాలంటే గేరుబాక్సు మొత్తం కిందికి దించాలి.

మా బాపు బోరు మోటార్లు బాగుచేసేవాడు. ఆయన చెయ్యి పడితే మళ్లీ విప్పే పనుండదని మా దిక్కున పేరు. ఆ పేరంటే నాకు ఆయనకంటే ఎక్కువ గర్వం. కారు సంగతి ఇంట్లోనే చూసుకుందామన్నాడు. గొర్ల కొట్టం ఖాళీ చేసి, కారును మొద్దుల మీదికి ఎత్తి, బావాబామ్మర్దులు ఇద్దరూ కిందికి దూరారు. మామ నల్లగొండ దుకాణంలో కొన్న కొత్త బేరింగును తీసి, ఆయన చాయ్ తాగి వచ్చేలోపు బాపు గిన్నెలో గ్యాసునూనె, అదే కిరసనాయిలు, పోసి శుభ్రంగా కడిగాడు. మోటార్ల పనిలో అది అలవాటు. కొత్తదైనా సరే కడిగి, గ్రీజు పూసి బిగిస్తారు. సాయంత్రానికి కారు చప్పుడు లేకుండా కదిలింది. బాపు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

వారం తిరగకముందే మామ మళ్లీ వచ్చాడు. అరుపు మునుపటికంటే పెరిగింది. ఆ కారు వస్తే సగం వాడ మా వాకిట్లోనే ఉండేది. అందరూ వింటుండగా మామ ఫోను లౌడ్‌స్పీకర్‌లో పెట్టి, నకిలీ మాల్ అంటగట్టావని దుకాణం ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆయన కాదు సార్, కాదు సార్ అంటూనే ఉన్నాడు. ఇక ఆ దుకాణం గడప తొక్కొద్దని వాకిట్లోవాళ్లు అనేసుకున్నారు.

మళ్లీ అంతా విప్పారు. బాపు బేరింగును వేలితో తిప్పి చూశాడు, గరగరలాడింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఇంకా గ్యాసునూనె వాసనే. అలాగే గొంతుక్కూర్చుండిపోయాడు.

"దుకాణపాయన తప్పేం లేదు. నేనే దీన్ని గ్యాసునూనెల కడిగిన" అన్నాడు మామతో.

మామ మంచివాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పోనీ తియ్ బావ. ఇంకోటి తెచ్చి ఏస్కుందాం. ఎవరికి ఎరుక?"

బాపు నన్ను పిలిచాడు. ఆయన చేతుల నిండా గ్రీజు, ఫోను నేనే పట్టుకోవాలి. నంబరు కలిపాక, "లౌడ్‌స్పీకర్ పెట్టు బిడ్డా. తిట్టినప్పుడు పెట్టినం గద" అన్నాడు. వద్దని కళ్లతోనే బతిమాలాను. ఆయన నా వైపు చూడలేదు.

తప్పు తనదేనని బాపు పూసగుచ్చినట్టు విడమరిచి చెప్పాడు. అవతలాయన మెల్లగా, "గిది మోటర్ బేరింగు లెక్క కాదన్నా. లోపట గిరీసు పెట్టి మూసేసి వస్తది. కడిగితే గా గిరీసు పోతది, మల్ల పైన పూస్తే లోపటికి దిగది" అన్నాడు. వెనక నుంచి ఎవరో, మా మోటార్లు ఇంకెట్ల చేసినవో ఏమో అన్నారు. వాకిలంతా నవ్వింది. మోటార్లను కడగడం సరైన పనేనని బాపు చెప్పుకోవచ్చు. చెప్పుకోలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫోను మాత్రం అలాగే పట్టుకొని నిలబడ్డాను.

ఆ ఎండాకాలం మా వాకిట్లోకి మోటార్లు తక్కువే వచ్చాయి. వచ్చినవాటిని బాపు ఎప్పటిలాగే కడిగి, గ్రీజు పూసి బిగించాడు.

ఇప్పుడు నేను దవాఖానలో నర్సును. పని ఒత్తిడిలో అందరి ముందూ వార్డు ఊడ్చే ఏ ఆయమ్మ మీదనో గొంతు లేస్తుంది, తీరా చూస్తే పొరపాటు నాదై ఉంటుంది. ఆమెను వరండాలోకి పిలిచి చెవిలో చెప్పేస్తే సరిపోతుంది కదా అని ప్రతిసారీ అనిపిస్తుంది. అప్పుడు ఆ ఫోను చేతిలో ఉన్నట్టే ఉంటుంది. వార్డు మధ్యలో నిలబడి, పేషెంట్లందరూ వింటుండగానే తప్పు నాదని చెప్తాను. ఇన్నేళ్లయినా చెవులు కాలిపోతాయి. కాలితే కాలనీ అనుకుంటాను.