వదినకు చేయించని రెండో పరీక్ష

మా వదిన నిజామాబాదు ఆస్పత్రిలో కన్నుమూసి నేటికి పదిహేను రోజులు. గుండె చుట్టూ నీరు చేరిందని డాక్టరు చెప్పారు. బోధన్‌లోని మా గల్లీ మాత్రం ఆమెను పదేళ్లుగా బద్ధకస్తురాలనే అన్నది. ఆ పేరు రావడానికి కారకుణ్ణి నేను.

మా అన్న భార్యగా ఆమె వచ్చేనాటికి నాకు పన్నెండేళ్లు. బీడీలు చుట్టి నన్ను రాత్రి కాలేజీ దాకా చదివించింది. మా ఇంట డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. గల్లీలో ఎవరికి ఏ కాగితం వచ్చినా గడపలో నిలబడి, నలుగురూ వినేలా చదివి అర్థం చెప్పేవాణ్ణి.

పందొమ్మిది వందల తొంభైలలో ఆమె మెడ కొద్దిగా ఉబ్బింది. డాక్టరు థైరాయిడ్ రక్తపరీక్ష చేయించి, యాంటీబాడీ పరీక్ష కూడా రాశారు. దానికి రక్తం హైదరాబాదు పంపాలి. మొదటి రిపోర్టు రాగానే గడపలో నిలబడి చదివాను. అంకెలన్నీ హద్దుల్లోనే ఉన్నాయి.

"రెండోది గూడ చేపియ్యమన్నడు గద తమ్మీ?"

"అంతా నార్మలే వదినా. ఊకె రాస్తరు."

"నువ్వు సదివినోనివి, నీకు తెల్వదా!" అని ఆ చీటీ మడిచి పెట్టెలో వేసింది.

ఏళ్లు గడిచేకొద్దీ ఆమె వేళ్లు మందగించాయి. ఎండాకాలంలోనూ శాలువా కప్పుకునేది. చేట ముందు కూర్చునే కునికేది. తోటి ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏందక్కా, బీడీలు సుడుతున్నవా, జోకొడుతున్నవా?"

"నాకేం బీమారి లేదట, మా మరిది సెప్పిండు. ఒళ్లే వంగుతలేదు" అని వదిన కూడా నవ్వేది. జబ్బని చెప్పుకునే హక్కును కూడా నా చదువు లాగేసుకుంది. "జర లేచి తిరుగు వదినా" అని నేనూ అన్నాను. ఆమె లేచి తిరిగింది, గోడ పట్టుకుని.

చివరికి స్పృహ తప్పి ఆస్పత్రిలో చేరాక ఆ పరీక్ష జరిగింది. ఒంట్లోని రక్షణశక్తే థైరాయిడ్‌ను శత్రువనుకుని తినేసిందట. ఆ మందకొడితనం, గుండె చుట్టూ నీరు, అన్నీ దానివల్లేనట. "అప్పుడే తెలిసుంటే ఏటేటా చూసేవాళ్లం. రోజుకో మాత్రతో నడిచేది" అన్నారు డాక్టరు.

తెలివి వచ్చాక, మంచం పక్కన నిలబడి ఆమెకు రిపోర్టు చదివాను. ఈసారి ఆమెకు మాత్రమే వినబడేలా. "తప్పు నాదే వదినా" అన్నాను.

తిడితే బాగుండేది. "అయితే నేను ఒళ్లు దాసుకున్నదాన్ని గాదన్నట్టు" అంది. "గీ ముచ్చట గల్లీల సెప్పు తమ్మీ."

దినాలకు గల్లీ అంతా వచ్చింది. నేను విస్తళ్లు వేశానే గానీ ఆ ముచ్చట చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను: మా వదిన బద్ధకస్తురాలు కాదు.

ఆస్పత్రిలో ఆనాడు ఆమె ఆ రిపోర్టు కాగితం అడిగి తీసుకుంది. అక్షరం రాదు. "ఏడ రాసున్నదో సూపియ్యి" అంది. చూపించాను. తంబాకు మరకల వేలిని ఆ అంకె మీద పెట్టి, ఎవరైనా చెరిపేస్తారేమో అన్నట్టు, తీయకుండా అలాగే నిద్రపోయింది.