గరగను లాక్కోలేదండి

ఆ గేమ్ ఇంకా విడుదల కాలేదు. మా గోదావరి జిల్లాల వాళ్లే కొద్దిమంది కలిసి తయారుచేస్తున్నారు. అందులో మనం నడిపించేది గరగ ఎత్తే కుర్రాణ్ణి. జాతరకు అమ్మవారిని ఆవాహన చేసి, చీరముక్కలూ పూలూ చుట్టి, నెత్తిన పెట్టుకుని డప్పుల మధ్య ఇంటింటికీ తిప్పే కలశాన్ని మేం గరగ అంటాం. వరదొచ్చిన రోజున ఆ గరగను కాలవ గట్ల మీదుగా ఊరు చేర్చాలి. అదీ ఆట.

ట్రైలర్ చూసిన రోజు నుంచీ దానికోసం ఎదురుచూసేవాళ్లు ఆన్‌లైన్‌లో ఒక గ్రూపుగా చేరారు. నేనూ చేరాను. అక్కడ అందరూ అందరికీ బ్రోలే. నన్నూ బ్రో అనేవారు, నేను కాదనలేదు. పెద్దాపురంలో మా నాన్నకు స్టీలు సామాన్ల కొట్టు ఉంది. డిగ్రీ అయ్యాక మధ్యాహ్నాలు నేను కొట్లో కూర్చుంటాను. బేరాలు లేనప్పుడు పుస్తకం తెరుస్తాను, ఇంటికెళ్లాక డైరీ రాసుకుంటాను. కొత్తవాళ్లతో మాట్లాడాల్సొస్తే మాత్రం నాన్ననే ముందుకు తోస్తాను.

వేసవిలో గేమ్ తయారుచేసేవాళ్లు గ్రూపులో ఒక మాట అడిగారు. నిజమైన జాతరలో డప్పులూ, గరగ గజ్జెలూ రికార్డు చేసుకోవాలని ఉంది, ఎవరైనా అనుమతి ఇప్పించగలరా అని. మా ఊరి మరిడమ్మ జాతర పెద్దది, ఆ జనంలో రికార్డింగు కుదరదు. మా వీధి చివర చిన్న అమ్మవారి గుడి ఉంది. దానికి వేరే కమిటీ, వేరే గరగ. కమిటీ పెద్దాయన నాకు వరసకు తాతయ్య. నాన్న చేత అడిగించాను. "కుర్రాళ్లు మన అమ్మవారి మీద ఆట చేస్తున్నారంటే మంచిదే కదరా, రమ్మను" అన్నారాయన. ఆ రోజు డైరీలో రెండు పేజీలు రాశాను.

జాతర ఇంకో రెండు వారాలుందనగా ఒక పేపరు జిల్లా పేజీలో వార్త వచ్చింది. "అమ్మవారి గరగ లాక్కుంటే పాయింట్లు!" అని పెద్ద అక్షరాల్లో వేశారు. కింద ట్రైలర్లోంచి తీసిన బొమ్మ. ఒకడి నెత్తిమీంచి ఇంకొకడు గరగ తీసుకుంటున్నాడు, మొదటివాడు కూలబడిపోతున్నాడు. గరగలను దోచుకునే ఆట అనీ, ఇప్పటికే పిల్లలు దీనికి బానిసలైపోతున్నారనీ రాశారు. విడుదలే కాని ఆటకు ఎలా బానిసలయ్యారో నాకు అర్థం కాలేదు. సాయంత్రానికి ఒక టీవీ చానల్ అదే వార్త చదివింది.

మర్నాడు తాతయ్య కొట్టుకొచ్చారు. పేపరు నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకున్నారు.

"ఏమ్మా, ఇదేంటి?"

"అది తప్పండి తాతయ్యా. అందులో ఎవరూ లాక్కోరు."

"నాకు తెలుసమ్మా, నువ్వలాంటి ఆటను మన గుడికి తీసుకురావు. కానీ వీధిలో అందరికీ నువ్వు తెలీదు, పేపరు తెలుసు. పేపర్లో పడ్డది పేపర్లోనే పోవాలి. ఆదివారం మీటింగుంది. ఈలోగా సరిచేస్తే సరే, లేదంటే ఆ కుర్రాళ్లను రావద్దని చెప్పెయ్యి."

నాన్న చెంచాలు సర్దుతూ, "పోనీ వదిలెయ్యకూడదా? నీకెందుకీ తలనొప్పి?" అన్నాడు. వదలను అన్నాను. అంత గట్టిగా అన్నందుకు నాన్న చెంచాలు వదిలి నా వైపు చూశాడు.

గ్రూపు తెరిస్తే అప్పటికే యుద్ధం నడుస్తోంది. పేపరువాళ్ల పేజీ కింద మావాళ్లు వందల్లో వ్యాఖ్యలు పెట్టారు. అది ఫోన్ గేమ్ కాదు, కంప్యూటర్ గేమ్ అని ఒకతను. అసలు పాయింట్లే లేవు అని ఇంకొకతను. తణుకులో ఉండే ఒకతను ఆ విలేకరి ఫొటోకు గాడిద చెవులు తగిలించి పెట్టాడు. అందరూ నవ్వుతున్నారు. నాకు ఆదివారం మీటింగే కళ్లముందు కదిలింది. మా తాతయ్యకు ఫోన్ గేమైనా కంప్యూటర్ గేమైనా ఒకటే. ఆయనకు కావలసింది ఒక్కటే: గరగను లాక్కున్నారా, లేదా?

గ్రూపులో రాశాను. "ఆ చెవులు తీసెయ్యండి. తిట్టినవాళ్లు వ్యాఖ్యలు తీసెయ్యండి. మనం ఒక్క తప్పే సరిచెయ్యమని అడుగుదాం. మిగతావన్నీ వదిలేద్దాం."

"పది తప్పులుంటే ఒకటే అడగడమేంటి బ్రో?"

"పది అడిగితే ఒకటీ వెయ్యరు."

"అయితే ఆ విలేకరికి ఫోన్ చేసి నువ్వే అడుగు బ్రో, చూద్దాం."

చేశాను. ముందు ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను గానీ, అవతల గొంతు వినపడగానే ఆ అక్షరాలు కనపడటం మానేశాయి.

"ఎవరమ్మా?"

"నమస్కారమండి. గరగ గేమ్ వార్త గురించండి."

"నువ్వూ ఆ గుంపేనా? పొద్దున్నుంచి తిడతానే ఉండారు కదమ్మా నన్ను!"

"నేను తిట్టడానికి చెయ్యలేదండి. మీరెప్పుడైనా గరగ తిరగడం చూశారాండి?"

"మాది ఈ పక్క కాదులేమ్మా. బదిలీ మీద వచ్చి ఆర్నెల్లు కూడా కాలే. వీడియో చూసి రాసినా. వాడు వీని నెత్తిమీంచి తీసుకుంటా ఉంటే లాక్కోవడం కాకుంటే ఏంది?"

"అందుకోవడమండి. గుడి దగ్గర బయలుదేరాక గరగను నేల మీద పెట్టరు. ఎత్తినాయన అలిసిపోతే ఇంకొకాయన వచ్చి నెత్తి మీంచి నెత్తి మీదకు తీసుకుంటాడు."

"మరి వాడు కింద పడిపోయినాడే?"

"ఎండలో గరగెత్తుకుని ఇంటింటికీ తిరిగొచ్చినాయన అండి. బరువు దిగగానే కూలబడతాడు. మా వీధిలో అయితే మజ్జిగిచ్చి లేపుతారు."

ఆయన నవ్వాడు. "నువ్వు చెప్తే మా డెస్కు వాళ్లు నమ్మరు తల్లీ. చూపించడానికేమన్నా ఉందా?"

ఉంది. పోయినేడు మా గుమ్మం ముందు గరగ మారుతుంటే అమ్మ ఫోన్లో వీడియో తీసింది. సగం అమ్మ బొటనవేలే. వెనక నుంచి "ఒరే జాగ్రత్త, మెట్టుంది మెట్టు" అని అమ్మ కేకలు. అయినా ఆ మారే క్షణం మాత్రం స్పష్టంగా ఉంది. గాడిద చెవులు పెట్టినతన్నే అడిగితే, ట్రైలర్లో ముక్కనూ అమ్మ వీడియోనూ పక్కపక్కన పెట్టి గంటలో పంపాడు. విలేకరికి పంపించాను. శుక్రవారం మళ్లీ ఫోన్ చేశాను. "డెస్కులో ఉందమ్మా" అన్నాడు. సాయంత్రం ఇంకోసారి చేశాను. "నువ్వు వదిలేలా లేవే!" అన్నాడు. లేనండి అన్నాను.

ఆదివారం పేపర్లో సవరణ వచ్చింది. లోపలి పేజీలో, టెండరు ప్రకటనల కింద. "ఇటీవల విడుదలైన గేమ్‌లో గరగను లాక్కోవడం కాదు, ఆచారం ప్రకారం అందుకోవడమే చూపారు" అని. 'విడుదలైన' అన్న మాట చూసి గ్రూపు మళ్లీ భగ్గుమంది. దాని సంగతి తర్వాత చూద్దామని నేను పేపరు తీసుకుని గుడికి వెళ్లాను.

మీటింగులో నాన్న మాట్లాడతాడనుకున్నాను. నాన్న నా వైపు చూసి, నువ్వే చెప్పమన్నట్టు తలూపాడు. తాతయ్య సవరణ పైకి చదివారు. పక్కనున్న కిరాణా కొట్టాయన పేపరు అందుకుని, "తప్పేమో తలుపంత వేశారు, ఒప్పు తాళంచెవంత వేశారేంటండీ!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే నేను లేచి నిలబడ్డాను. ఫోన్లో రెండు వీడియోలూ పెట్టి ఇచ్చాను. ఫోన్ ఒక్కొక్కరి చేతిలోంచీ వెళ్లింది.

తాతయ్య దగ్గరకొచ్చి ఆగింది. ఆయన రెండుసార్లు చూశారు.

"లాక్కోలేదమ్మా, నిజమే. కానీ వీడు దణ్ణం పెట్టలేదు."

"ఎవరండి?"

"మీ ఆటలోవాడు. మీ అమ్మ తీసిన దాంట్లో చూడు. అందుకునేవాడు ముందు వంగి, గరగకు దణ్ణం పెట్టి, అప్పుడు తల ఆనిస్తాడు. వీడు బస్సులో సీటు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పేపరాయన లాక్కున్నాడని రాశాడంటే రాయడూ మరి?"

మళ్లీ చూశాను. ఆ ముక్క ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, అయినా నాకు తట్టలేదు. చుట్టూ అందరూ నేనేమంటానా అని చూస్తున్నారు.

"అది ఆట తప్పేనండి" అన్నాను. "చెప్పి సరిచేయిస్తాను."

"సరిచేస్తామని వాళ్లు నా ఎదురుగా చెప్పాలి. అప్పుడు రికార్డు చేసుకోమను."

గ్రూపులో ఈ సంగతి రాస్తే చాలామందికి నచ్చలేదు. "మనం గేమ్ వైపా, పేపరు వైపా బ్రో?" అన్నాడొకతను. ఇంకొకతను, "ఒక్క దణ్ణం కోసం మళ్లీ యానిమేషన్ చెయ్యమంటావా? వాళ్లు ఒప్పుకోరు" అన్నాడు. పేపరువాళ్లను తప్పు ఒప్పుకోమన్నది మనమే కదా అని రాసి, ఇక అక్కడ వాదించలేదు. తయారుచేసేవాళ్ల నంబరు తీసుకుని నేరుగా ఫోన్ చేశాను. అవతల ఎత్తినావిడ అంతా విని, "గ్రూపులో చూసి మీరు అబ్బాయనుకున్నామండి" అంది ముందు. తర్వాత, "దణ్ణం ఎలా పెడతాడో దగ్గర్నుంచి చూడొచ్చా?" అని అడిగింది.

జాతరకు రెండు రోజుల ముందు వాళ్లు ముగ్గురు వచ్చారు. గుడి బయట చెప్పులు విడిచి తాతయ్య ముందు కూర్చున్నారు. సరిచేస్తామని ఆవిడ చెప్పింది. తాతయ్య వాళ్లను కాక నన్ను చూసి, "వీళ్లు మాటన్నారు, నువ్వు విన్నావు. ఆట వచ్చాక నాకు చూపించే పూచీ నీది" అన్నారు. నాదేనండి అన్నాను. ఆయన డప్పులవాళ్లను పిలిచి, మైకు ఎక్కడ పెడితే ఎవరి కాళ్లకూ అడ్డం రాదో చూపించడం మొదలుపెట్టారు.