కిరాయికిచ్చిన గోడ

మా ముత్తాత రంగారావు దేశ్‌ముఖు. ఆయన కొడుకు నరసింగరావు, మా తాత, చుట్టుపక్కల ఊళ్ల తగవులు తీర్చినవాడు. బోధన్ రోడ్డు మీది కోటలాంటి మా గడి గోడ ముందు డప్పు కొట్టించి వాళ్లు ఏది చెప్పిస్తే అది హుకుం. నా కాలానికి అధికారం పోయింది, భూమి కరిగింది. గోడ మిగిలింది, దాని ముందు జనం చెప్పులు విడిచి నడిచే అలవాటు మిగిలింది. మొన్న నిజామాబాదులో నేనుంటున్న ఇంటికి సున్నం వేస్తుంటే ఆ తడి వాసనకు రాజవ్వ గుర్తొచ్చింది.

రాజవ్వ మాకు చుట్టం కాదు, మా కౌలుదారూ కాదు. వర్నికి పోయే తొవ్వలో కొద్దిపాటి చెరుకు వేసుకొని, బండి తానే తోలుకుంటూ ఒంటరిగా నెట్టుకొచ్చిన మనిషి. చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లన్నీ మా ముందు నుంచే పోతాయి కనుక పురుగుమందుల కంపెనీ ఒకటి తన మందు ప్రకటన రాయించుకోవడానికి ఆ గోడను అడిగింది. మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, కిరాయికిచ్చాడు. హాస్టల్లో ఉన్న మా చెల్లెలు సుగుణ చదువు ఆ కిరాయి మీదే నడిచింది.

కూర్చున్న చోటికి వచ్చే రాబడి అనుకున్నాం. ముందు అక్షరాలకు అడ్డమని నడిమింటి కిటికీని ఇటుకలతో మూయించారు. తర్వాత నీడ పడుతోందని కానుగ చెట్టు కొట్టించారు. దసరాకు గోడకు సున్నం వేయడం మానేశాం. ఎవరి కోసమూ లేవని బాపు, కంపెనీ ఏజెంటు వస్తే లేచి కుర్చీ వేయించేవాడు.

అరవైల చివర ఒక ఎండాకాలం రాజవ్వ వచ్చింది. ఎప్పటిలాగే చెప్పులు గోడ అవతల విడిచింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు.

“మందు కొట్టిన దొరా. చెరుకంత మాడింది. ఇంకోపాలి కొట్టమంటరా, ఇడిసిపెట్టమంటరా?”

అమ్మినవాణ్ణి అడగమన్నాడు బాపు. వాడెవడో తనకేమెరుక, గోడ మీద రాయించింది మీరే గదా అంది. ఆ రాతతో తనకు సంబంధం లేదని, గోడ కిరాయికిచ్చానని బాపు చెప్పాడు. రాజవ్వ గోడ వైపు తిరిగి చూసింది.

“గోడ కిరాయికిస్తరని మాకెవలు చెప్పిండ్రు? ఎర్కుంటే ఇన్నేండ్లు చెప్పులెందుకిడుస్తుంటిమి?”

ఆ నెలలోనే ఏజెంటు ఒప్పందం పొడిగించడానికి వచ్చాడు. జనం మాటలు పట్టించుకోవద్దని, కిరాయి పెంచుతామని అన్నాడు. సుగుణ ఫీజు కట్టే గడువు దగ్గరపడింది. బాపు ఈసారి లేవలేదు, కుర్చీ వేయించలేదు. గోడ ఇవ్వనన్నాడు. మర్నాడు మేమిద్దరమే సున్నం కలిపి ఆ అక్షరాలు చెరిపాం. ఒక్క పూతకు పోలేదు. మళ్లీ మళ్లీ వేశాం. ఇటుకలు తీయగానే కాలువ మళ్ల మీది గాలి నడిమింట్లోకి వచ్చింది. బాపు ఆ కిటికీ కింద పడుకొని సాయంత్రం దాకా నిద్రపోయాడు.

కొన్నాళ్లకు రాజవ్వ చెప్పులు వేసుకొనే గోడ ముందు నుంచి నడిచిపోయింది. నాకు కోపం వచ్చింది. బాపు మాత్రం, “ఇగ నిమ్మళం. మనం చెప్పిందే హుకుమనుకునేటోళ్లు లేరు,” అన్నాడు. ఆ నిమ్మళం నాకు అర్థమయ్యేసరికి నా సగం వయసు గడిచింది.

తర్వాత నా ఇంటిపేరు తమ దుకాణం బోర్డు మీద పెట్టుకుంటామని, ఊరికే కాదని, కొందరు అడిగారు. వాళ్ల సరుకు గురించి రాజవ్వ ముఖం చూసి చెప్పగలనా అని ఆలోచించుకుంటాను. ఇప్పటిదాకా ఎవరికీ ఇవ్వలేదు.

సుగుణ చదువు ఆగలేదు. గోడ ఇవ్వనన్న ఏడే, తాత తగవులు తీర్చిన దివాణం కప్పు దించి, టేకు దూలాలూ స్తంభాలూ జక్రాన్‌పల్లి కలప వ్యాపారికి అమ్మాం.