ల్యాప్‌టాప్‌లో రెండు వాటాలు

మా ల్యాప్‌టాప్ ఆన్ చేశాక అది పూర్తిగా తెరుచుకునేలోపు నేను కుక్కరు పెట్టి, పచ్చడికి పోపు వేసి, ఆరిన బట్టలు మడతపెట్టి రాగలిగేదాన్ని. కొన్నాళ్ళకు ఆ ఆలస్యం కూడా ఇంటిపనిలో కలిసిపోయింది. "ల్యాప్‌టాప్ పెట్టావా?" అని మా ఆయన అడిగితే "ఎసరు పెట్టావా?" అన్నట్టే వినిపించేది.

మేముండేది గుడివాడలో. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ప్రశ్నపత్రాలు తయారుచేసుకోవడానికి నాకు అదే ఆధారం. మా ఆయనకు అందులో అంతకంటే విలువైనది ఇంకోటుంది: పంచాంగం. ఎప్పుడో ఒక స్నేహితుడు సీడీలో పెట్టి ఇచ్చిన ప్రోగ్రాం. ఆయన ఉద్యోగం బ్యాంకులో, ప్రాణం ముహూర్తాల్లో. ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, ఎవరు పొలంలో బోరు వేయించినా, ముదినేపల్లి వైపు ఎవరు చెరువులో చేపపిల్లల్ని వదిలినా ఆయనకు ఫోను వచ్చేది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, "లైన్లో ఉండండి, చూసి చెబుతా" అనేవారు. పాపం, అవతలివాళ్ళు చాలాసేపు లైన్లో ఉండేవాళ్ళు.

ఇలా ఉండగా ఒకరోజు తెర మీద ఒక కబురు కనిపించింది. మా పాత విండోస్‌కు ఇక కాలం చెల్లిందట, కొత్తది వేయడానికి మా యంత్రం సరిపోదట. మా ఆయన చదివి, "అయితే కొత్త ల్యాప్‌టాప్ కొనేద్దాం" అన్నారు. నాకు మాత్రం రోషం వచ్చింది. మన వస్తువు మన బల్ల మీద ఉండగా, అది పనికిరాదని ఎవరో చెప్పడమేమిటి?

ఆ సంగతి స్కూల్లో ఫిజిక్స్ టీచరుతో చెప్పుకున్నాను. ఆవిడ నందివాడ నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది, హెల్మెట్ తీయకుండానే మాట్లాడటం మొదలుపెడుతుంది.

"కొత్తది ఎందుకండీ? లినక్స్ వేసి చూడండి. మా ఇంట్లో మీదానికన్నా ముసలిది పరుగులు పెడుతోంది."

"అది ఇంజనీర్లు వాడేది కదండీ?"

"ఆ ఇంజనీర్లకు లెక్కలూ ఫిజిక్సూ చెప్పింది ఎవరు? మనం వాడకూడదా?"

మర్నాడు నా చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టింది. ఏదీ చెరపకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చనీ, నచ్చకపోతే పీకేయడమేననీ చెప్పింది. "పెళ్ళిచూపులు అనుకోండి. కాఫీ తాగి వచ్చేయొచ్చు" అంది.

ఆదివారం మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకుని ఆ పెళ్ళిచూపులు జరిపించాను. తెర నల్లబడింది, ఏవో అక్షరాలు గబగబా పారాయి, ఇంతలో నీలం రంగు తెర వచ్చి నిలబడింది. మౌసును కదిపితే బాణం గుర్తు కదిలింది. నొక్కితే తెరుచుకుంది. నొక్కిన వెంటనే! నేను కేక పెట్టాను. మా ఆయన స్నానాల గదిలోంచి తువ్వాలు చుట్టుకుని సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చారు.

"ఏమైందే? షాక్ కొట్టిందా?"

"తెరుచుకుందండీ!"

"ఏది?"

"ల్యాప్‌టాప్!"

ఆయన నన్నూ దాన్నీ మార్చిమార్చి చూసి, మళ్ళీ నీళ్ళు పోసుకోవడానికి వెళ్ళిపోయారు.

పెళ్ళిచూపుల్లో ఒక చిక్కు ఉందని నాకు తర్వాత తెలిసింది. లినక్స్ అంటే ఒకటి కాదు. పుదీనా పేరు పెట్టుకున్నది ఒకటి, ఏమీ తెలియనివాళ్ళకు ఒకటి, అన్నీ తెలిసినవాళ్ళకు ఒకటి, పిల్లలకు ఒకటి. ఫిజిక్స్ టీచరు అడిగినప్పుడల్లా పెన్‌డ్రైవ్‌లో కొత్తది నింపి తెచ్చేది. నేను సాయంత్రం ఇంటికి రాగానే దాన్ని గుచ్చి కూర్చునేదాన్ని. ఒకదాంట్లో రంగులు నచ్చలేదు, ఒకదాంట్లో అక్షరాలు మరీ సన్నం, ఒకటి మా వైఫైని గుర్తుపట్టనే లేదు. "పెడనలో కలంకారీ చీర కొన్నప్పుడు కూడా ఇన్ని విప్పించలేదే నువ్వు" అన్నారు మా ఆయన. చివరికి పుదీనాదే ఖాయం చేశాను. దాన్ని తెలుగులోకి మార్చుకోవచ్చని తెలిసిన రోజున సంతోషంతో నాకు అన్నం సయించలేదు. ఫైలు 'దస్త్రం' అయింది, చెరిపేసినవి పోయి పడేది 'చెత్తబుట్ట' అయింది. తాసిల్దారు ఆఫీసూ మా పెరడూ కలిసి కంప్యూటర్లోకి వచ్చినట్టు ఒకటే నవ్వు నాకు.

"సరే, వేసుకో. కానీ నా పంచాంగం?" అన్నారు మా ఆయన.

అక్కడ ఆగాం. ఆ ప్రోగ్రాం విండోస్‌లో తప్ప నడవదు. ఫిజిక్స్ టీచరే మళ్ళీ దారి చూపించింది: రెండూ ఉంచుకోవచ్చట. డిస్కును రెండు భాగాలు చేస్తే, ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుందట. నేను ఇంటికి వచ్చి, "మీకో వాటా, నాకో వాటా" అన్నాను. ఆయన ఆలోచించి, "తూర్పు వాటా నాది" అన్నారు. డిస్కులో తూర్పు ఎటో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. అయినా ఒప్పుకున్నాను.

మంచి ముహూర్తం కూడా ఆయనే పెట్టారు. అడిగినవాటికల్లా సరే అని నొక్కుతూ పోయాను. చారికలాంటి గీత ఒకటి మెల్లగా నిండింది. 'పూర్తయినది, పునఃప్రారంభించుము' అంది. నొక్కాను. తెర నల్లబడింది. అంతే, మళ్ళీ వెలగలేదు. బటన్ నొక్కాను, నొక్కి పట్టుకున్నాను, ఛార్జరు తీసి పెట్టాను, ఫూ అని ఊదాను. చలనం లేదు.

మా ఆయన వెనక నిలబడి, ఎంతో నెమ్మదిగా, "నా వాటా కూడా పోయిందా?" అన్నారు. ఆ గొంతు వింటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చేశాను.

మర్నాడు సెలవు పెట్టి ఇద్దరం బందరు బస్సెక్కాం. ల్యాప్‌టాప్‌ను దిండు గలీబులో పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. గుడ్లవల్లేరు దాటాక ఆయన, "ముహూర్తంలో దోషం లేదు. నేను మళ్ళీ చూశాను" అన్నారు. "దేంట్లో చూశారు?" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగారు.

కోనేరు సెంటరు దగ్గర సందులో ఉంది ఆ రిపేరు షాపు. యజమాని కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని, ఆగకుండా మాట్లాడే మనిషి. నేను జరిగింది చెబుతుంటే మధ్యలోనే అందుకున్నాడు.

"లినక్సా మేడమ్? మా దగ్గర ఎవరూ అడగరండీ. ఎప్పుడో ఒకాయన వేయించుకుని మళ్ళీ రాలేదు."

"బాగా లేకనా?"

"ఏమోనండీ. బాగుండి రాలేదో, బాధపడి రాలేదో!"

మా ఆయన నా వైపు చూశారు. నేను గోడకున్న కీబోర్డుల వైపు చూశాను.

అతను ల్యాప్‌టాప్‌ను బోర్లించి మరలు విప్పాడు. అడుగు మూత తీయబోతూ ఆగి, ముఖం దగ్గరగా పెట్టి చూసి, "అమ్మో! ఇందులో కాపురం ఉందండీ" అన్నాడు. ఏమిటా అని మా ఆయన వంగారు. ఆయన వంగడమూ, అతను మూత లాగడమూ ఒక్కసారే జరిగాయి. లోపల్నుంచి చిన్న బల్లి ఒకటి ఎగిరి మా ఆయన కుడి భుజం మీద పడింది. అక్కడ క్షణం ఆగి, వీపు మీదుగా పాకి, కుర్చీ మీదకు దూకి, అట్టపెట్టెల వెనక్కి వెళ్ళిపోయింది.

ఆయన కొయ్యబారిపోయారు. ఫ్యాను పక్కన తెల్లటి గుడ్డు పెంకులు రెండు అతుక్కుని ఉన్నాయి. చుట్టూ దుమ్మూ పీచూ. నేను వాటిని చూస్తున్నాను, ఆయన తన భుజాన్ని చూసుకుంటున్నారు.

"కుడి భుజం... మగవాళ్ళకు కుడి భుజం మీద పడితే ఏమిటి ఫలం?" అన్నారు గాభరాగా. "నా పంచాంగంలో ఉందే..." అంటూ ల్యాప్‌టాప్ వైపు చెయ్యి చాపారు. అది పొట్ట విప్పుకుని పడి ఉంది.

షాపులో ఉన్నవాళ్ళంతా ఎవరికి తోచింది వాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. ఒకాయన లాభం అన్నాడు, ఇంకొకాయన కలహం అన్నాడు. "పడిందా, పాకిందా? రెంటికీ వేర్వేరు ఫలాలు" అన్నాడు ఒకాయన. "చొక్కా మీద పడింది కానీ ఒంటి మీద పడలేదుగా" అని నేను వాదించాను. షాపాయన స్క్రూడ్రైవరు పైకెత్తి, "ల్యాప్‌టాప్‌లోంచి దూకితే ఏ ఫలమో శాస్త్రంలో ఉండదు సార్. అప్పటికి ఇవి లేవుగా!" అన్నాడు.

మూలన స్టూలు మీద ఒక పెద్దావిడ, ఫోను రిపేరుకిచ్చి కూర్చుని ఉంది. ఆవిడ లేచి వచ్చింది.

"బాబూ, నేను కంచి వెళ్ళి బంగారు బల్లిని ముట్టుకొచ్చాను. నన్ను ముట్టుకో, దోషం పోద్ది."

మా ఆయన చిన్నపిల్లాడిలా చెయ్యి చాపి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. చప్పున వదల్లేదు కూడా. "చాలు నాయనా, ఫోను తీసుకోవాలి" అని ఆవిడే విడిపించుకుంది. నాకు నవ్వు ఆగక షాపు బయటికి వచ్చి, ఇనుప షట్టరు పట్టుకుని నవ్వాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

నవ్వు తగ్గి లోపలికి వెళ్ళేసరికి షాపాయన సంగతి తేల్చేశాడు. బల్లి గూడుకు ఫ్యాను ఎప్పుడో ఆగిపోయింది. యంత్రం వేడెక్కిపోయి, ఆ వేడికి తనంతట తాను నెమ్మదించింది; లినక్స్ తేలిక కాబట్టి దానికి ఆ నెమ్మది తెలియలేదు. ముహూర్తం రోజున ఆ వేడికే ఆగిపోయింది, బల్లి రెట్ట పడి పవర్ బటన్ కనెక్షన్ తినేయడంతో మళ్ళీ వెలగలేదు. తప్పు నా లినక్స్‌ది కాదు, ఆయన విండోస్‌దీ కాదు, ముహూర్తానిదీ కాదు.

శుభ్రం చేసి, కొత్త ఫ్యాను వేసి, ఆ కనెక్షన్ అతికించి ఆన్ చేశాడు. తెర మీద రెండు వరుసలు వచ్చాయి, ఏది కావాలి అంటూ. మా ఆయనకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. తన వాటా నొక్కారు. విండోస్ తెరుచుకుంది, అదీ నొక్కిన వెంటనే!

తిరుగు బస్సులో ఆయన గొంతు మారింది.

"అంటే నా విండోస్ కూడా బాగానే పరుగెత్తుతోందిగా. మరి నీ లినక్స్ ఎందుకు?"

నెమ్మదిగా ఉందని కదా వెతికింది, ఇప్పుడు నెమ్మది లేదు. కిటికీలోంచి చేపల చెరువుల మీద తిరిగే తెల్లకొంగల్ని చూస్తూ, నిజమే చెప్పేశాను.

"నాకు నచ్చిందండీ."

"సరే, ఉండనీ" అన్నారు ఆయన.

తర్వాత జరిగింది నేను ఊహించనిది. ఒక సాయంత్రం ఎవరో ఫోను చేస్తే, ఆ తొందరలో ఆయన నా వాటాలోకి వెళ్ళిపోయారు. పంచాంగం కోసం వెతుకుతూ, నేను స్కూలు పిల్లల కోసం పెట్టుకున్న ఆకాశం ప్రోగ్రాం తెరిచారు. మన ఊరు చెబితే మన ఊరి మీద అప్పుడు కనిపించే చుక్కలన్నిటినీ పేర్లతో చూపించే ప్రోగ్రాం అది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన లేరు, ల్యాప్‌టాపూ లేదు. డాబా మీద దొరికారు. ఒళ్ళో ల్యాప్‌టాప్, తల వెనక్కి వాల్చి.

"ఇటు చూడు. ఆ పసుపు చుక్క ఎవరనుకున్నావు? శని!" అన్నారు. "ఇన్నేళ్ళ నుంచి శని ఫలానా రాశిలో ఉన్నాడని అందరికీ చెబుతున్నానే! ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు."

అప్పటినుంచి నా వాటాలో నాకు చోటు లేకుండా పోయింది. చీకటి పడగానే ల్యాప్‌టాప్ డాబా ఎక్కేది.

కార్తీక మాసంలో నాగాయలంకలో ఉన్న మా ఆడపడుచుగారింటికి వెళ్ళాం. చల్లపల్లిలో బస్సు మారుతుంటే చూశాను, బట్టల సంచి నాకిచ్చి ల్యాప్‌టాప్‌ను ఆయనే గుండెకు హత్తుకుని ఎక్కారు. సాయంత్రం అందరం కృష్ణ రేవుకు దీపాలు వదలడానికి వెళ్ళాం. మా వదినగారిది మీనరాశి, ఏలినాటి శని నడుస్తోంది. మోకాళ్ళ నొప్పులు, కాలిపోయిన మోటారు, పెళ్ళికి పిలవని తోడికోడలు, అన్నీ శని ఖాతాలోనే వేస్తుంది.

"అక్కా, శనిని చూస్తావా?" అన్నారు మా ఆయన.

"ఇంకా చూడాలట్రా? చూస్తూనే ఉన్నాగా!"

"అలా కాదే. నిజంగా."

మెట్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి, తెర మీద చూపించి, తర్వాత అవతల కొబ్బరిచెట్ల పైన ఆకాశంలో చూపించారు. ఆవిడ ముందు భయంగా చేతులు జోడించింది. తర్వాత చేతులు దించి, కళ్ళు చిట్లించి చూసింది.

"ఇతనేనా? ఇంతే ఉన్నాడేంట్రా!" అంది. ఒక మెట్టు పైకెక్కి నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఏమయ్యా, ఇంత లేవు, అంతదూరంలో ఉన్నావు. నా మోకాళ్ళతో నీకేం పనయ్యా? మోటారుకు మొన్నేగా తీగ చుట్టించింది?"

దీపాలు వదలడానికి వచ్చిన ఆడవాళ్ళంతా మూగారు. ఎవరి గ్రహాన్ని వాళ్ళు చూపించమన్నారు. ఒకావిడ తనకు రాహువు కావాలంది. రాహుకేతువులకు రూపం లేదనీ, ఆకాశంలో కనిపించరనీ మా ఆయన వివరించారు. ఆవిడ ముఖం చిన్నబోయింది. "చూశారా, నన్ను పట్టుకున్నవాడేమో కనపడడు! మీకైతే తిట్టుకోవడానికైనా ఉన్నాడు" అని మా వదినగారి మీద అసూయపడింది. నేను ప్రమిద చేత్తో పట్టుకునే మెట్టు మీద కూలబడి నవ్వుతున్నాను. మా ఆయన ఆ గోలలో మునిగి, వచ్చిన ప్రతి ఒక్కరి గడ్డం పట్టుకుని వాళ్ళ తలను సరైన దిక్కుకు తిప్పుతున్నారు.

బ్యాటరీ అయిపోయేదాకా ఎవరూ కదల్లేదు. తెర ఆరిపోయాక కూడా మా వదినగారు ఆకాశం వైపే చూస్తూ, ఈసారి కాస్త మర్యాదగానే, మిగిలిన ఫిర్యాదులు చెప్పుకుంటోంది.