అమ్మ చూపించని కాలు

మా వైపు కాలు వాచిందంటే జబ్బు పేరు చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. వీధిలో ఎవరినడిగినా బోదకాలనే చెప్తారు. కాలవలూ దోమలూ ఉన్న ఊళ్లు, వాళ్ల తప్పు కూడా కాదు. తొంభైల్లో మా అమ్మకు గర్భసంచి ఆపరేషనయ్యాక, పచ్చి ఒళ్లు, మంచం దిగొద్దని మేనత్తలంతా కాపలా కాశారు. లేచి తిరిగే వేళకి ఎడమ కాలు వాచి ఉంది. కుడి కాలు మామూలుగానే ఉంది. బోదకాలన్నారు. అమ్మ నమ్మింది, మేమూ నమ్మాం.

అప్పట్నుంచి అమ్మ పేరంటాలకి వెళ్లడం మానేసింది. పేరంటంలో ఇంటావిడ వచ్చినవాళ్ల పాదాలకు పసుపు రాస్తుంది కదా, ఆ చేతికి వాపు తెలిసిపోతుందని భయం. పిలవడానికి వచ్చినవాళ్లతో గుమ్మంలోనే, "ఒంట్లో నలతగా ఉందండి, ఏమీ అనుకోకండి" అనేది. మా వీధిలో మంగళహారతి పాట ఎత్తుకోవాలంటే అమ్మే ఎత్తుకోవాలి. ఆ పాటలూ పోయాయి. కాలు మాత్రం కన్నపిల్లలకి కూడా చూపించలేదు. ఓ పొద్దున్న బియ్యం ఏరుతూ ఆయాసంగా ఉందంది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయింది. గుండె ఆగిందన్నారు.

కొన్నేళ్లకు రాజమండ్రిలో ఓ ఆసుపత్రిలో నాకు ఉద్యోగం దొరికింది. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లకు పాత మాత్ర మేలా, కొత్త మాత్ర మేలా అని తేల్చే పరిశోధన అది. ఎవరికి ఏది వెళ్తోందో డాక్టరుగారికీ తెలియదు, నాకూ తెలియదు. టేపు పెట్టి పిక్క కొలవడం, మాత్రలు వేసుకున్నారా అని అడగడం నా పని. చేరిన కొత్తలో డాక్టరుగారు మాకు పాఠం చెప్పారు. ఆపరేషనయ్యి కదలకుండా పడుకుంటే గడ్డ కట్టొచ్చు, చాలామందికి ఒక్క కాలే వాస్తుంది, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ఆయాసంతో ప్రాణం పోవచ్చు అన్నారు. ఆ తర్వాత ఏం చెప్పారో నాకు వినబడలేదు.

మండపేట నుంచి ఓ పెద్దావిడ ఆ పరిశోధనలో చేరింది. అమ్మ ఉంటే అదే వయసు. నేను టేపు తియ్యగానే కుచ్చిళ్లు కిందికి లాక్కుంది.

"బోదకాలమ్మా, ముట్టుకోకు."

"కాదండి, స్కానింగులో గడ్డ కనబడింది కదా. తగ్గిపోతుందండి."

అలా చెప్పకూడదు. ఏ మాత్రతో ఎంత తగ్గుతుందో తేల్చడానికే కదా అంత హడావుడి. అయినా చెప్పాను. ఆవిడ నెలనెలా వచ్చేది. కొలత అయిపోయాక కూడా ఆ పిక్క మీద కాసేపు చెయ్యి ఆనించి ఉంచేదాన్ని. వెచ్చగా ఉండేది. అమ్మ కాలు ఒక్కసారి, ఒక్కసారి ఇలా పట్టుకోవాలని ప్రాణం కొట్టుకునేది.

చివరిసారి వచ్చినప్పుడు ఆవిడ కాళ్లు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. చెప్పులేసుకుంటూ నా గడ్డం పట్టుకుంది.

"ఇంత ఓపిగ్గా చూస్తావు, మీ అమ్మగారికి ఏ బెంగా లేదు తల్లీ. ఉన్నారా ఆవిడ?"

"ఉన్నారండి," అన్నాను.

"ఆరోగ్యంగా ఉన్నారా?"

"బాగానే నడుస్తున్నారండి," అన్నాను.