పది సెకన్ల స్టాపు

"గొంతు పోతేనేం, మనసుంది కదా" అని ఓదార్చేవాళ్లంటే ఆ రిటైరైన కండక్టరుకి ఒళ్లు మంట. మనసుతో టీ ఎలా అడగాలో వాళ్లే చెప్పాలి. కిక్కిరిసిన బస్సులో ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడేలా అరిచిన మనిషి. గొంతులో గడ్డ వచ్చింది, ఆపరేషన్ అన్నారు. దానికి ముందు వారమంతా బయటి చప్పుడు పడకుండా దుప్పటి ముసుగేసుకుని, బావమరిది ఇచ్చిన మైకులో తన మాటలు రికార్డు చేసి పెట్టుకున్నాడు. "ఏమోయ్", "ఉప్పు ఎక్కువైంది", "నువ్వు తిన్నావా", పనిలో పనిగా "ముందుకి జరగండి, ముందంతా ఖాళీ". ఇప్పుడు పాత ల్యాప్‌టాప్‌లో బటన్ నొక్కితే ఆ గొంతే పలుకుతుంది. వచ్చి కూర్చుని ఎంతకీ లేవని చుట్టాలకి ఆ చివరి మాట వినిపిస్తాడు. భార్య వంటింట్లో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

అందులో విండోస్ తీసేసి లైనక్స్ పెట్టింది కూడా బావమరిదే. ఆన్ చేయగానే చిన్న మెనూ వచ్చి, పది నుంచి అంకెలు దిగితే గానీ అసలు యంత్రం లేవదు. ఆ పది సెకన్లూ ఆయనకి నరకం. పైగా ఎక్కేవాళ్లు లేని స్టాపులో బండి ఆపడం ఆయన ఒంట్లోనే లేదు.

భార్య కూరగాయలకి వెళ్లిన ఒక పొద్దున, ఇంటర్నెట్లో వెతికి ఆ అంకె ఉండే ఫైలు పట్టుకున్నాడు. దీన్ని చేత్తో మార్చవద్దని పైనే రాసి ఉంది. "ఫుట్‌బోర్డు మీద నిలబడరాదు" అన్న రాత కిందే జీవితమంతా మనుషుల్ని నిలబెట్టినవాడు దాన్ని లెక్కచేస్తాడా? పదిని సున్నా చేశాడు. కింద ఒంటరిగా ఒక మెలికల బ్రాకెట్ కనిపిస్తే, టిక్కెట్టు లేనివాణ్ని దించినట్టు దించేశాడు. ఆపి, ఆన్ చేశాడు.

నల్లటి తెర. "గ్రబ్" అన్న ఒక్క మాట, పక్కన మిణుకుమనే గీత. మళ్లీ ఆపి ఆన్ చేశాడు. మళ్లీ అదే.

భార్య వచ్చేసరికి ఆయన చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది.

"ఏమైందండీ?"

ఆయన నోరు తెరిచాడు, మూశాడు. తెర చూపించాడు.

"మాటలన్నీ పోయాయా?"

తెలియదన్నట్టు చేతులు విప్పాడు. ఆవిడ సంచీ చేతిలో ఉండగానే కూలబడిపోయింది.

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అతను ఒక్క చూపు చూసి తేల్చేశాడు. "ఫార్మాట్ కొట్టేస్తానమ్మా, సాయంత్రానికి కొత్తదానిలా లేస్తుంది."

"అంటే?"

"లోపలున్నదంతా తుడిచేయడమే."

ఆవిడ ల్యాప్‌టాప్ లాక్కుని గుండెకి హత్తుకుని ఇంటికొచ్చేసింది. కాపీ తీసి పెడదామని ఆ లైనక్స్ పెట్టిన తమ్ముడు ఎన్నిసార్లన్నాడో. అన్నిసార్లూ అలాగే అన్నారు.

తమ్ముడికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. "ముందు ఏడుపాపక్కా. బావ ఏం మార్చాడు?"

"ఏమీ మార్చలేదట. తల అడ్డంగా ఊపుతున్నారు."

"బావా, గొంతు లేకుండా కూడా అబద్ధమాడుతున్నావంటే నీకేం ఢోకా లేదు."

ఆయన నవ్వలేదు. పేపరు అంచు మీద రాశాడు, ఆవిడ చదివింది: "పది తీసేశా. ఒక బ్రాకెట్ కూడా."

తమ్ముడు నిట్టూర్చాడు. "అందరికన్నా ముందు లేచి ఇంటిని లేపేది ఆ గ్రబ్బే. నువ్వు మార్చిన రాత దానికి అర్థం కావట్లేదు. ఇల్లు బాగానే ఉందనుకుంటున్నా."

"అనుకుంటున్నావా?"

"చూస్తే గానీ చెప్పలేనక్కా. ఏది పట్టుకుని ఇంకేం చెరిపాడో."

తమ్ముడు అక్షరం అక్షరం చెబుతుంటే ఆయన ఒంటివేలితో కొట్టాడు. డిస్కు మొదటి భాగంలో ఆ మాటల ఫైళ్లేవీ లేవని తెర మీద వచ్చింది. అది ఆవిడ ఫోన్లోకి చదివింది.

"కంగారుపడకు. డిస్కులో రెండో భాగం చూడమను."

కొట్టాడు. వరసగా పేర్లు దిగాయి. ఆవిడ వేలు పెట్టి పైకి చదివింది. "ఏమోయ్... ఉప్పు ఎక్కువైంది... నువ్వు తిన్నావా..." ఆయన మాటలు ఆవిడ గొంతుతో. "ఉన్నాయిరా!"

"ఉంటే చాలదు, లేవాలి."

ఇంకో మూడు లైన్లు. మధ్యలో ఒక అక్షరం తప్పు కొట్టి, చెరిపి, మళ్లీ. చివరికి ఎంటర్ నొక్కగానే తెర మొత్తం ఆరిపోయింది. ఆ మిణుకు గీత కూడా లేదు. ఆవిడ భర్త భుజం పట్టుకుంది. గోళ్లు దిగుతున్నా ఆయన కదల్లేదు.

తెర వెలిగింది.

ఆయన మొదట నొక్కిన బటన్: "ఏమోయ్."

"ఆఁ," అంది ఆవిడ.

ఒక కమాండుతో తమ్ముడు ఆ పాడైన ఫైలుని కొత్తగా రాయించాడు. పాత పది సెకన్లూ తిరిగొచ్చాయి. "బావా, నీ పది సెకన్లు పద్ధతిగా తీసేసే దారి వేరే ఉంది. తీసేయమంటావా?"

ఆయన బటన్లన్నీ వెతికి ఒకటి నొక్కాడు: "ఆపండి డ్రైవర్‌గారూ, ఎక్కేవాళ్లున్నారు!"

కాపీలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. అయినా రోజూ పొద్దున అంకెలు దిగుతున్నప్పుడు ఆవిడ పొయ్యి ఆపి వచ్చి ఆయన వెనక నిలబడుతుంది. ఇంకా భయమేంటక్కా అని తమ్ముడంటే, "నీకేంరా, చెబుతావు" అంటుంది. సున్నా వచ్చి తెర నల్లబడే ఆ కాసేపూ ఇద్దరూ ఊపిరి బిగబట్టే ఉంటారు.