బకెట్టు అడుగు మట్టిలో నత్త

మా సైన్సు మాస్టారు పోయారు. మంగళవారం ప్రార్థనలో హెడ్‌మాస్టారు హిందీలో చెప్పారు. రెండు నిమిషాలు మౌనంగా నిలబడి తరగతులకు వెళ్ళిపోయాం. అది నాకు చాలలేదు, అందుకే రాస్తున్నాను. తెలుగులో రాయడం కూడా ఆయన పెట్టిన అలవాటే.

వానాకాలం ఆదివారాల్లో, టీవీ సీరియల్ మానిపించి, మమ్మల్ని నలుగురు విద్యార్థుల్ని బిలాస్‌పూర్‌లో కట్నీ పాసింజరు ఎక్కించేవారు. అడవి కొండల దగ్గర దిగేవాళ్ళం. ఆ వాలుల్లో రాళ్ళ సందుల్లోకి లోతుగా వెళ్ళి, వెలుగు చూడకుండా బతికే నత్తలున్నాయని ఆయన నమ్మకం. ఆవగింజంత తెల్లటి గుల్లలు చాలా దొరికాయి గాని అన్నీ ఖాళీవే. ఒక్కదాన్నైనా ప్రాణంతో చూడాలని ఆయన కోరిక.

"ఖాళీ వ్యాగన్లే తెస్తున్నారు, సరుకేదండీ?" అని మా రైల్వే క్వార్టర్లలో తెలుగువాళ్ళు ఆటపట్టించేవారు.

రాయి ఎత్తితే మళ్ళీ అలాగే పెట్టాలి. "కప్పు తీసినోళ్ళమే కప్పెట్టాల" అనేవారు. చూసింది ఒక పేజీలో, అనుకున్నది ఎదుటి పేజీలో రాయమనేవారు. నాకు రెండో పేజీయే నిండేది.

ఆ రాళ్ళ కింది నుంచి సంచుల్లో తెచ్చిన మట్టిని ఆయన పెరట్లో బకెట్టు నీళ్ళలో కలిపేవాళ్ళం. గుల్లలు తేలేవి. వాటిని టీ వడగట్టేదానితో తీసేవారు. అడుగు మట్టిని నేను కరివేపాకు మొక్కకు పోసేదాన్ని. అలా రెండు వానాకాలాలు గడిచాయి. నిరుడు ఒకరోజు మేం పిన్నిగారని పిలిచే మాస్టారి భార్య బియ్యం ఏరుతూ అడిగారు:

"అదేటండీ, తేలినవే తీస్తన్నారు? తేలింది తాలు కాదేటి? ఇత్తనాలు నీళ్ళలో ఏసి సూడ్డం మర్సిపోనారా?"

మాస్టారి చెయ్యి ఆగిపోయింది.

"అచ్ఛా!" అని, నావైపు తిరిగారు. "ఇన్నాళ్ళూ బతికున్నోళ్ళని పారబోసి, ఖాళీ ఇళ్ళు ఏరుకున్నాం పిల్లా."

"పోసింది నేనే కదా మాస్టారూ!" నాకు ఏడుపొచ్చింది.

"పొయ్యమన్నోడ్ని నేను. ఏడుపు రెండో పేజీలో రాసుకో. ముందు ఆ బకెట్టు ఒంపకు."

అడుగు మట్టిని పళ్ళెంలో పలచగా పరిచి, భూతద్దంతో సాయంత్రం దాకా వెతికాం. ఒక్కటి దొరికింది. ఎంతకీ కదలలేదు. చచ్చిపోయిందనుకున్నాను. ఆయన లేవలేదు. చివరికి గుల్లలోంచి గాజులాంటి ఒళ్ళు మెల్లగా బయటికి వచ్చింది. కొమ్ములున్నాయి, వాటి చివర మామూలు నత్తలకుండే కళ్ళు లేవు.

తన ఊపిరి తగిలి అది లోపలికి పోతుందేమోనని మాస్టారు భుజం మీది గమ్ఛా తువ్వాలు తీసి ముక్కూ నోరూ కప్పుకున్నారు. పిన్నిగారు అన్నానికి రెండుసార్లు పిలిచారు. ఆయన అలాగే పళ్ళెం మీదికి వంగి ఉన్నారు, గుడ్డ పైన రెండు కళ్ళు రెప్పవేయకుండా.